తాబేళ్ళ దీవులకి మూటాముల్లె

ప్రయాణం అనేసరికి మగవాళ్ళు టిక్కెట్ల సంగతి చూసుకుంటారు, ఆడవాళ్ళం మూటల సంగతి చూసుకుంటాం. కాశీ వెళ్ళినా, కొడైకెనాల్ వెళ్ళినా, అమెరికాలో అమ్మాయి పురిటికి వెళ్ళినా ఇదే వరస. పులిహోర పొట్లం, కందిపొడి, ఆవకాయ సీసా, అరుగుదలకి వాము, జలుబుకి మిరియాలు, పైన "ఎందుకైనా మంచిది" అని మరో రెండు దుప్పట్లు. ఈ "ఎందుకైనా మంచిది" అనే మాట ఉంది చూశారూ, మన సంసారాలన్నీ దాని మీదే నడుస్తున్నాయి. ముందుచూపున్న ఇల్లాలికి అది తారకమంత్రం.

అంత మంచి మాట, లోకంలో ఒక మూల మాత్రం కొంప ముంచింది. పసిఫిక్ మహాసముద్రం నడుమ, సరిగ్గా భూమధ్యరేఖ మీద ఉన్న గలాపగోస్ దీవులలో అయిదు వందల ఏళ్ళుగా జరిగిన అనర్థాలు చాలామటుకు ఎవరో ఒకరి ముందుచూపు వల్ల జరిగినవే.

ఈ సంగతి ఇప్పుడెందుకు తవ్వానంటే, మా పిన్ని కూతురు ఈమధ్య కూతురూ అల్లుడితో కలిసి ఆ దీవులకి ఓడయాత్ర పెట్టుకుంది. పదహారుమంది బృందం, వెంట ఒక గైడు, రాత్రి పడక ఓడలోనే, పగలు రోజుకో దీవి. యాత్ర నడిపేవాళ్ళు పంపిన జాబితా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "చూడు అక్కయ్యా, తెచ్చుకోవలసినవి అరపేజీ, తేకూడనివి పేజీన్నర! పండ్లు కూడదట, పూలు కూడదట, విత్తనాలు కూడదట, బూట్లకి మన్నుంటే కూడదట. గుప్పెడు మెంతులు తీసుకెళితే వీళ్ళ సొమ్మేం పోయింది?" అంది. మెంతుల వల్ల ఎవరి సొమ్ము ఏం పోతుందో చెప్పాలంటే, ఇదివరకు ఆ దీవులకి వెళ్ళినవాళ్ళు ఏమేం సర్దుకుని వెళ్ళారో చెప్పాలి.

గలాపగోస్ అంటే పాత స్పానిషులో తాబేళ్ళు. దీవులు ఈక్వడార్ దేశానివి. ఆ దేశపు తీరం నుంచి పడమరగా సుమారు 1000 కిలోమీటర్లు వెళ్ళాలి. సముద్రం అడుగున అగ్నిపర్వతాలు పెరిగి పెరిగి పైకి తేలితే ఏర్పడ్డ దీవులవి. ఏనాడూ ఏ ఖండానికీ అతుక్కుని లేవు. అక్కడికి చేరిన ప్రాణి ఏదైనా ఎగురుకుంటూనో, ఈదుకుంటూనో, కొట్టుకుపోయే దుంగ పట్టుకునో చేరవలసిందే. పులీ నక్కా పిల్లీ అలా చేరలేవు కదా! అందుకే అక్కడి జంతువులకి భయం అనే విద్య అబ్బలేదు. సముద్రంలో మునిగి నాచు మేసే ఉడుములాంటి ఇగ్వానాలు, ఎగరడం మానుకుని రెక్కలు కుదించుకున్న నీటికాకులు, మంచుదేశం అనుకుంటే భూమధ్యరేఖ మీద కనిపించే పెంగ్విన్లు, కాళ్ళకి పారాణి బదులు నీలం పూసుకున్నట్టుండే బూబీ పక్షులు, మన పక్కనే నిలబడి మనల్ని చూస్తాయట. కదలవట.

రాతలో దొరికే మొదటి యాత్రికుడు దీవులకి వెళదామనుకున్నవాడే కాదు. పనామా బిషప్పు తోమాస్ ద బెర్లాంగా 1535లో పెరూకి ఓడలో పోతుంటే గాలి ఆగిపోయింది. ప్రవాహం ఓడని ఈ దీవుల దగ్గరికి ఈడ్చుకు వచ్చింది. నీళ్ళు నిండుకున్నాయి. బావి తవ్వితే సముద్రం కంటే ఉప్పగా ఉన్న నీళ్ళు పడ్డాయి. చివరికి నాగజెముడు మట్టలు నమిలి దాహం తీర్చుకున్నారు. మనుషులూ గుర్రాలూ కొందరు ప్రాణాలు వదిలారు. తరవాత ఆయన స్పెయిన్ రాజుకి రాసిన ఉత్తరంలో, దేవుడు ఇక్కడ రాళ్ళ వాన కురిపించినట్టుందనీ, పక్షులు చేత్తో పట్టుకున్నా పారిపోవడం తెలియనంత వెర్రివనీ చెప్పాడు. మనిషిని మోయగల తాబేళ్ళ సంగతీ చెప్పాడు.

ఆ కబురు మెల్లగా ఓడవాళ్ళ చెవిన పడింది. 17వ శతాబ్దంలో స్పెయిన్ ఓడలని దోచుకునే సముద్రపు దొంగలకి అవి దాక్కునే చోటు అయ్యాయి. 18వ శతాబ్దం చివరి నుంచి తిమింగలాల వేటగాళ్ళు దిగారు. తిమింగలం నూనెతో దీపాలు వెలిగిన రోజులవి. ఆ వేటకి ఇల్లు విడిచిన ఓడ రెండేళ్ళకో మూడేళ్ళకో గాని ఇల్లు చేరేది కాదు. అన్నాళ్ళు తినడానికి ఏముంటుంది? ఉప్పులో ఊరేసిన మాంసం, పురుగులు పట్టిన బిస్కత్తు.

ఇటువంటివాళ్ళ కంటపడింది గలాపగోస్ తాబేలు. తిండీ నీళ్ళూ లేకుండా ఏడాదిదాకా బతకగల జీవి. వెల్లకిలా తిప్పి ఓడ అడుగున వరసగా పేర్చేస్తే చాలు, మేత పెట్టక్కర్లేదు, పాడైపోదు, కావలసినప్పుడు తాజా మాంసం. దేవుడే సర్దిపెట్టిన అటకలా కనిపించింది వాళ్ళకి. చార్లెస్ టౌన్సెండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1925లో 79 వేట ఓడల దినచర్య పుస్తకాలు వెతికి లెక్క కట్టాడు. 1831 నుంచి 1868 లోపల ఆ కొద్ది ఓడలే పదివేలకి పైగా తాబేళ్ళని ఎత్తుకుపోయాయి. వచ్చిన ఓడలు వందలు. రెండు శతాబ్దాలలో మొత్తం లక్ష నుంచి రెండు లక్షలదాకా పోయి ఉంటాయని అంచనా.

ఇందులో మన ఆడవాళ్ళకి చురుక్కుమనే సంగతి ఒకటుంది. మగ తాబేళ్ళు పెద్దవి, 200 కిలోలు దాటేవి. కొండల మీద మేస్తాయి. ఆడవి చిన్నవి, గుడ్లు పెట్టడానికి తీరం దగ్గరి మెత్తటి నేలకి దిగుతాయి. రాళ్ళ మీదుగా బుజాన వేసుకుని మోయవలసిన నావికుడికి ఏది తేలిక? తీరానికి దగ్గరగా, మోతకి తేలికగా ఉన్నదే. కాబట్టి ఎక్కువగా పోయింది ఆడవే. ఒక్క ఆడ తాబేలు పోతే ఎన్నేళ్ళ సంతానం పోయినట్టో లెక్క వేసుకోండి.

దొరికినన్ని పట్టుకుపోవడంతో ఊరుకున్నారా అంటే అదీ లేదు. 1820లో ఎసెక్స్ అనే వేట ఓడ ఫ్లోరియానా దీవిలో ఆగింది. నావికుల్లో ఒకడు వేళాకోళానికి పొదకి నిప్పంటించాడు. ఎండాకాలం, దీవి దీవంతా తగలబడిపోయింది. మర్నాడు ఓడ ఎంతో దూరం వెళ్ళాక కూడా మంట కనిపించిందట. ఆ నవంబరులోనే ఒక తిమింగలం ఆ ఓడని ఢీకొట్టి ముంచేసింది. మెల్విల్ రాసిన మోబీ డిక్ నవలకి ఆ ఉదంతమే ఒక ప్రేరణ. 19వ శతాబ్దం మధ్యకల్లా ఫ్లోరియానా తాబేళ్ళు ఆ దీవిలో లేకుండా పోయాయి.

ఇక రెండో అధ్యాయం మేకలది. తాబేళ్ళు తరుగుతున్నాయి, మళ్ళీ వచ్చేసరికి తిండి ఉండాలి కదా. ఓడవాళ్ళు దీవుల్లో మేకల్ని వదిలిపెట్టారు. ఎందుకైనా మంచిది! కొన్ని వదిలినవి, కొన్ని పారిపోయినవి. 1813లో డేవిడ్ పోర్టర్ అనే అమెరికా నౌకాదళపు కెప్టెను శాంటియాగో దీవిలో తన ఓడలోని మేకల్ని మేతకి దింపాడు. కొన్నాళ్ళు బుద్ధిగా నీళ్ళ వేళకి వచ్చాయి. ఒక పొద్దున చూస్తే లేవు. ఎంత వెతికినా దొరకలేదు. తరవాత కాపురాలకి వచ్చినవాళ్ళు పందుల్నీ, గాడిదల్నీ, పిల్లుల్నీ, కుక్కల్నీ తెచ్చుకున్నారు. ఎలుకలు పిలవకుండానే వచ్చాయి.

మేక సంగతి మనకి తెలియనిది కాదు. పెరట్లోకి ఒక్కటి దూరితే సాయంత్రానికి మందారమూ ఉండదు, మల్లెతీగా ఉండదు. అలాంటివి వేలకి వేలు అయితే? ఇసబెలా దీవిలోని అల్సెడో కొండ మీద పొగమంచు చెట్ల ఆకులకి పట్టి బొట్లుబొట్లుగా కిందికి రాలి మడుగులు కట్టేది. తాబేళ్ళు ఆ మడుగుల్లో సేదతీరేవి. మేకలు ఆ చెట్లని తినేశాయి. చెట్టు లేదు కాబట్టి బొట్టు లేదు, బొట్టు లేదు కాబట్టి మడుగు లేదు. మేక తాబేలుని కరవలేదు, కొమ్ముతో పొడవలేదు. కంచం ముందు నుంచి తోసేసింది, అంతే.

ఈ మధ్యలో వచ్చిన పెద్దమనిషి చార్లెస్ డార్విన్. ఆయన సర్దుకున్న సామాను గురించి చదివితే మన ఇళ్ళల్లో కుర్రాళ్ళే గుర్తొస్తారు. 1831లో బయలుదేరబోతూ అక్కగారికి ఉత్తరం రాశాడు: నాన్సీతో చెప్పి ఎనిమిది చొక్కాలు కాదు, పన్నెండు కుట్టించు, నా స్లిప్పర్లు పంపించు, తేలికపాటి బూట్లు పంపించు, స్పానిష్ పుస్తకాలు, కొత్త మైక్రోస్కోపు మర్చిపోవద్దు అని. ఇంత సర్దుకున్నవాడికీ సముద్రం పడలేదు. అయిదేళ్ళూ వాంతులే.

1835 సెప్టెంబరులో ఆయన ఓడ బీగిల్ గలాపగోస్ చేరింది. ఉన్నది అయిదు వారాలు. తుపాకీ గొట్టంతో కొమ్మ మీది డేగని పక్కకి తోశానని ఆయనే రాసుకున్నాడు. ఒక కుర్రాడు బావి దగ్గర బెత్తం పట్టుకుని కూర్చుని, నీళ్ళకి వచ్చిన గువ్వల్ని ఒక్కొక్కటే కొట్టి భోజనానికి పోగుచేసుకోవడం చూశాడు. తాబేలు డిప్పని చూసి ఏ దీవిదో చెప్పగలనని అక్కడి ఉప గవర్నరు నికొలస్ లాసన్ అన్నాడు. ఒక దీవి తాబేలుకీ ఇంకో దీవి తాబేలుకీ తేడా ఎందుకుండాలి? తరవాత లోకాన్ని కుదిపేసిన పరిణామ సిద్ధాంతానికి ఈ ప్రశ్న ఒక విత్తు. అయితే ఆ క్షణాన దాని విలువ ఆయనకి తట్టలేదు. బీగిల్ ఓడ ఎక్కించుకున్న ముప్ఫై తాబేళ్ళూ కూరలోకి వెళ్ళాయి, డిప్పలు సముద్రంలోకి వెళ్ళాయి. అంత మేధావి కూడా వంటింటి దగ్గర అందరిలాంటివాడే.

20వ శతాబ్దంలో అక్కడ కాపురం పెట్టడానికి వెళ్ళినవాళ్ళ కథ మరీ వింత. 1929లో బెర్లిన్ నుంచి ఫ్రెడ్రిక్ రిట్టర్ అనే డాక్టరు, డోరె స్ట్రౌక్ అనే ఆవిడా నాగరికతకి నమస్కారం పెట్టి ఫ్లోరియానా చేరారు. ఆ దీవిలో పంటి వైద్యుడు ఉండడని ఆయన ముందే తన పళ్ళన్నీ పీకించుకుని స్టీలు పళ్ళ సెట్టు చేయించుకున్నాడట! ప్రయాణానికి ఇంతకంటే ముందుజాగ్రత్త ఇంకెవరైనా తీసుకున్నారేమో నాకు తెలియదు. 1932లో కొలోన్ నుంచి మార్గరెట్ విట్మర్ వచ్చింది, భర్తా సవతి కొడుకూ వెంట, కడుపులో బిడ్డ. ఒకప్పుడు సముద్రపు దొంగలు తలదాచుకున్న గుహలో 1933 జనవరిలో ఆవిడ ప్రసవించింది. ఆ చుట్టుపక్కల కాపురం ఉన్న ఒక బారొనెస్ 1934లో మాయమైంది. ఏమైందో ఈనాటికీ తేలలేదు. అదే ఏడాది రిట్టర్ పోయాడు. డోరె జర్మనీ వెళ్ళిపోయింది. విట్మరమ్మ మాత్రం అక్కడే పిల్లల్ని పెంచి, వచ్చేపోయేవాళ్ళకి బస ఇచ్చి, 2000లో 95 ఏళ్ళకి కన్నుమూసింది. ఆవిడ కూరగాయల మడుల మీద పడి తినిపోయినవి ఎవరివనుకున్నారు? పాతకాలపు కాపురాలవాళ్ళు వదిలేసిపోయిన పశువులూ పందులూ. ఒకరి ముందుచూపు ఇంకొకరి నెత్తిన ఇలా పడుతుంది.

మన వంతు కూడా ఉందండోయ్ ఇందులో. మైసూరు రాస్ప్‌బెర్రీ అనే ముళ్ళపొద ఒకటుంది. పుట్టిల్లు మన దేశమూ ఆ చుట్టుపక్కల దేశాలూ. ఎవరో పండ్ల కోసం గలాపగోస్‌లో తోటలో నాటుకున్నారు. తియ్యటి పండు, పిట్టలు తిన్నాయి, విత్తనాలు అడవంతా చల్లాయి. ఇప్పుడది మనిషికంటే ఎత్తుగా అల్లుకుపోయి, అక్కడ తప్ప ఇంకెక్కడా లేని స్కలేషియా చెట్ల మొలకల్ని వెలుతురు చూడనివ్వడం లేదు. మెట్టినింటికి వెళ్ళి ఇల్లంతా ఆక్రమించుకున్న కోడలి కథ అది. ఇది చెప్పేసరికి మా పిన్ని కూతురు మెంతుల డబ్బా మెల్లగా పక్కన పెట్టింది.

1959లో రెండు సంగతులు జరిగాయి. ఈక్వడార్ ప్రభుత్వం ఊళ్ళూ పొలాలూ పోగా మిగిలిన నేలంతా, అంటే నూటికి 97 పాళ్ళు, జాతీయ పార్కుగా ప్రకటించింది. అదే ఏడాది జాలర్లు పింటా అనే దీవిలో మూడు మేకల్ని వదిలారు. ఒక మగది, రెండు ఆడవి. పదిహేనేళ్ళు తిరక్కుండా అవి పదివేలల్లోకి పెరిగాయి. పింటా తాబేళ్ళు అప్పటికే అంతరించాయనుకున్నారు. 1971లో నత్తల్ని వెతుక్కుంటూ వెళ్ళిన ఒక శాస్త్రవేత్తకి ఒకే ఒక్క మగ తాబేలు కనిపించింది. దానికి జార్జి అని పేరు పెట్టారు. ఒంటరి జార్జి. శాంటాక్రూజ్ దీవికి తెచ్చి, దగ్గర జాతి ఆడ తాబేళ్ళని జత చేశారు. గుడ్లు పెట్టాయి గాని ఒక్కటీ పిల్ల కాలేదు. 2012 జూన్ 24న జార్జి చనిపోయింది. ఒక జాతి ఫలానా తేదీన ముగిసిందని క్యాలెండరులో గుర్తు పెట్టుకునే రోజు మనిషికి అరుదుగా వస్తుంది. అలాంటి రోజు అది.

దిద్దుబాటూ జరిగింది, తేలిగ్గా కాదు. 1997 నుంచి 2006 దాకా ఇసబెలా, శాంటియాగో, పింటా దీవుల్లో 1,40,000కు పైగా మేకల్ని తుదముట్టించారు. చివర్లో హెలికాప్టర్లు వాడారు. ఒక మేక మెడకి రేడియో కట్టి వదిలేవారు. అది మందని వెతుక్కుంటూ వెళ్ళేది, వెనకే వేటగాళ్ళు వెళ్ళేవారు. మేకకి తోడు కావాలి కదా పాపం, ఆ తోడే దాని ప్రాణం తీసింది. చదువుతుంటే నా మనసు చివుక్కుమంది. తప్పు మేకది కాదు, దాన్ని తిండిమూటగా అక్కడ దింపినవాడిది. కాని తాబేళ్ళ దీవి తాబేళ్ళకి దక్కాలంటే వేరే దారి కనబడలేదు. ఎస్పన్యోలా దీవిలో 12 ఆడ, 2 మగ తాబేళ్ళే మిగిలితే, అమెరికాలోని శాన్ డియాగో జూలో ఉన్న ఇంకో మగదాన్ని తెప్పించి సంతానం పెంచారు. ఆ దీవిలో ఇప్పుడు రెండువేలదాకా తాబేళ్ళు తిరుగుతున్నాయి. పని ముగించుకున్న పెద్దలు 2020లో ఇల్లు చేరారు.

ఇంత అయ్యాక ఇప్పుడు వెళ్ళేవాళ్ళకి ఆంక్షలు పెట్టారంటే ఆశ్చర్యం ఏముంది? 2023లో యాత్రికులు మూడు లక్షలు దాటారు. విమానం ఎక్కేముందే సామాను వెతికి సీలు వేస్తారు. గైడు లేకుండా పార్కులో అడుగు పెట్టనివ్వరు. ఒక గైడుకి పదహారుమందికి మించరాదు, ఓడలో వందమందికి మించరాదు. గుర్తు పెట్టిన బాట దాటకూడదు, జంతువుకి రెండు మీటర్ల ఎడం ఉండాలి, ఒక్క గింజ పెట్టకూడదు, ఒక్క గవ్వ ఏరకూడదు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఇసుక కూడా వెళ్ళకుండా కాళ్ళు కడిగిస్తారు. మనలాంటి విదేశీయులకి పార్కు రుసుము 2024 ఆగస్టు నుంచి 200 డాలర్లు.

మరి సర్దుకోవలసిందేమిటి? డిసెంబరు నుంచి మే దాకా వెచ్చగా, అప్పుడప్పుడు వానగా ఉంటుంది. జూన్ నుంచి నవంబరు దాకా చల్లటి ప్రవాహం వల్ల సన్నటి తుంపర, సముద్రం కాస్త ఎగురుతుంది. డార్విన్‌కి పట్టిన గతి పట్టకుండా డాక్టరుని అడిగి వాంతుల మందు దగ్గర ఉంచుకోవాలి. ఓడ నుంచి రబ్బరు పడవలోకి దిగాలి, పడవ నుంచి ఒక్కోచోట మోకాటి లోతు నీళ్ళలోకి దిగాలి. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుంటే గైడు చెయ్యి అందుకోవడానికి చెయ్యి మిగలదు కాబట్టి పంజాబీ డ్రెస్సో, పంట్లామో మేలు. లావా రాళ్ళ మీద జారని బూట్లు, పాతవైతే అడుగులు బ్రష్షుతో తోమి ఎండబెట్టినవి. టోపీ, నీళ్ళసీసా, ఉంటే బైనాక్యులర్సు. శాకాహారులమని ముందే ఓడవాళ్ళకి రాయాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు నెల ముందు నుంచి మేడమెట్లు ఎక్కి దిగడం అలవాటు చేసుకుంటే మంచిది.

అన్నిటికంటే కష్టమైన సర్దుడు మనసులో జరగాలి. "ఎందుకైనా మంచిది" అని పెట్టెలో వేసిన వాటిని తిరిగి బయటికి తియ్యడం. దీవుల్ని పాడుచేసినవాళ్ళలో దుర్మార్గులు తక్కువ. ఆకలిని గురించి, రేపటిని గురించి ఆలోచించినవాళ్ళే ఎక్కువ. అచ్చం మనలాగే. తమ రేపటిని చూసుకున్నారు, ఆ నేలకీ ఒక రేపు ఉంటుందని తోచలేదు. 2019లో ఫెర్నాండినా దీవి లావా బీళ్ళ నడుమ ఒక్క ఆడ తాబేలు దొరికింది. నూరేళ్ళకి పైగా కనిపించని జాతి దానిది. ఫెర్నాండా అని పేరు పెట్టారు. దానికి తోడు కోసం ఆ దీవిని గాలించారు. జార్జి కథ మళ్ళీ జరగకూడదని అందరి తాపత్రయం.

ఆ దీవులకి నిశ్చింతగా పట్టుకెళ్ళి వదలగలిగినది, అక్కడి నుంచి దర్జాగా తెచ్చుకోగలిగినది ఒక్కటే ఉంది. ఫ్లోరియానా తీరాన వేటగాళ్ళ కాలం నుంచి ఒక చెక్క పీపా ఉంది. ఏళ్ళ తరబడి ఇల్లు చూడని నావికులు అందులో ఉత్తరాలు వేసేవారు. ఇంటిదారి పట్టిన ఓడవాళ్ళు తమ ఊరివైపువి ఏరి తీసుకెళ్ళి అందజేసేవారు. పీపాలు మారాయి గాని ఆ ఆచారం ఇప్పటికీ పోలేదు. స్టాంపు లేని కార్డు ఒకటి వెయ్యాలి, మన ఊరి దగ్గర చిరునామా ఉన్న కార్డు ఒకటి తీసుకోవాలి, వెళ్ళి ఆ ఇంటి తలుపు తట్టి చేతికివ్వాలి. వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే ఆ పీపా అడుగుదాకా వెతకండి. ఏ విజయవాడ చిరునామానో ఏ వరంగల్లు చిరునామానో దొరక్కపోదు.